సాగరము – సరిత్తు – సరస్సు : బాలవిద్యార్థులకొక జలపాఠము

తిరుమల యాత్రకు వచ్చిన కుటుంబములలో పెద్దలు స్వామిపుష్కరిణీ స్నానమునకు సంకల్పము చెప్పుకొనుచుండగా, మెట్లపై నిలిచిన పిల్లవాడు "ఈ నీరు ఎక్కడిది?" అని అడుగుట కద్దు. గరుత్మంతుడు వైకుంఠమునుండి తెచ్చినదని పెద్దలు సమాధానము చెప్పుదురు. అది పురాణసమ్మతమైన మాటయే. కాని పిల్లవాని ప్రశ్న అంతటితో తీరదు. రాత్రి కొండమీద కురిసిన వాన ఎటు పోయినది? తిరుచానూరు దరిని చూచిన స్వర్ణముఖిలో నీటికి మారుగా ఇసుకయే ఏల కనబడినది? సముద్రము ఇంత పెద్దదిగదా, ఆ నీరు మనము ఏల త్రాగరాదు? ఈ ప్రశ్నలకు విసుగుకొనక సమాధానము చెప్పగల పెద్దలు ఇంటింట ఉండుట మేలు. నీటిని దేవతగా నమస్కరించు సంప్రదాయమువారికి నీటి నడక తెలియకుండుట శోభించునది కాదు.

'నారములు' అనగా జలములు. అవి 'అయనము'గా, నివాసముగా గలవాడు నారాయణుడని ఒక వ్యుత్పత్తి. సృష్టిని గూర్చిన చింత ఆరంభమైన చోటనే మన పూర్వులు నీటిని నిలిపినారు. అమరకోశమునందును మొదటి కాండము వారివర్గముతో ముగియుచున్నది. సముద్రమునకు, నదికి, చెరువునకు, బావికి, బురదకు, నీటి సుడికి, చేపలకు, తామరలకు పేర్లన్నియు అక్కడ వరుసగా దొరకును. పాఠశాలలో కంఠస్థము చేసిన బాలుడు ఆ పేర్ల అర్థములను విచారించినచో భూగోళశాస్త్రములో సగము పాఠము అందే చదువుకొనగలడు.

'సముద్ర' శబ్దమునకు తడుపుట యను అర్థముగల ధాతువు మూలమని వైయాకరణులు చెప్పుదురు. 'నది' శబ్దము చేయునది, గలగలలాడునది. ఇక 'సరస్సు' అను మాటకు మూలమైన 'సృ' ధాతువునకు అర్థము కదలుట, పోవుట! నిలిచియున్న నీటికి నడచుట యను అర్థముగల ధాతువునుండి పేరు వచ్చుట మొదట వింతగా తోచును. సరస్సుకూడ నిలిచి నడచునదే అను సంగతి ముందు కొల్లేటి ప్రస్తావనలో తేటపడగలదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. లవణ, ఇక్షు, సురా, సర్పి, దధి, క్షీర, జల సముద్రములని పురాణములు ఏడు సముద్రములను చెప్పినవి. పాఠ్యపుస్తకములలో పసిఫిక్, అట్లాంటిక్, హిందూ, దక్షిణ, ఆర్కిటిక్ అని అయిదు మహాసముద్రములు కనబడును. ఈ అయిదింటిని ఆ ఏడింటితో పొంతన కుదుర్చబోయి పిల్లలను తికమక పెట్టువారు కొందరున్నారు. అది అనవసరపు శ్రమ. పటములోని అయిదును ఒకదానితోనొకటి కలిసియున్న ఒకే ఉప్పునీటి విస్తారము. అనగా పురాణములోని లవణసముద్రమొక్కటే. తక్కిన ఆరును పటములో వెదకవలసినవి కావు.

ఆ లవణసముద్రము భూమి ఉపరితలములో నూటికి 71 పాళ్లు ఆక్రమించినది. పసిఫిక్ ఒక్కటియే మూడవవంతు. అందలి మెరియానా అఖాతము దాదాపు 11 కిలోమీటర్ల లోతు. ఎవరెస్టు శిఖరమును అందులో దించినను పైన రెండు కిలోమీటర్ల నీరు మిగులును. అయినను నీరు ఎంత యున్నదనుటకంటె, త్రాగునీరు ఎంత యున్నదనునదే గృహస్థులకు ముఖ్యమైన లెక్క. దానిని పిల్లలకు ఇట్లు చెప్పవచ్చును. లోకములోని నీటినంతయు బిందెకు పది లీటర్ల వంతున నూరు బిందెలకు ఎత్తినామనుకొందము. అందులో 97 బిందెలకు పైగా ఉప్పునీరు. మిగిలిన మూడింటికి లోపైన మంచినీటిలో రెండువంతులు ధ్రువములయందును, హిమాలయాది పర్వతములయందును గడ్డకట్టియున్నది. తక్కినది చాలవరకు భూగర్భములో దాగియున్నది. ప్రపంచములోని మంచినీటి సరస్సులన్నింటి వాటా ఆ నూరు బిందెలలో పంచపాత్రెడు. గంగా గోదావరులు మొదలుకొని అమెరికా ఖండములోని అమెజాన్ వరకుగల నదులన్నింటిలో ఒక్క క్షణమున ప్రవహించుచున్న నీరు ఉద్ధరిణెడు తీర్థము కూడ కాదు.

ఉద్ధరిణెడు నీరు ఇన్ని కోట్ల జనమునకు ఎట్లు చాలుచున్నది? అది నిలువకుండుట చేతనే. నదిలోని నీరు రెండు మూడు వారములలో మారిపోవును. వెళ్లిన నీటి స్థానములో కొత్తనీరు వచ్చి చేరును. సముద్రములో చేరిన నీటిబొట్టు తిరిగి ఆవిరియై లేచుటకు సగటున మూడువేల సంవత్సరములు పట్టునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. సముద్రము కొట్టువంటిది, నది నిత్యము తిరుగు అరఘట్టమువంటిది. అరఘట్టము చిన్నదైనను అది తిరుగుచున్నంతవరకు పొలము తడియును.

ఈ తిరుగుడును చూపుటకు గోదావరిని మించిన ఉదాహరణము తెలుగువారికి లేదు. నాసిక్ సమీపమున త్రయంబకములోని బ్రహ్మగిరి ఆమె జన్మస్థానము. ఆ కొండకు పశ్చిమ సముద్రము సుమారు 80 కిలోమీటర్ల దూరము మాత్రమే. అంత చేరువ సముద్రమును విడిచి, ఆమె వెనుదిరిగి 1465 కిలోమీటర్లు నడచి తూర్పు సముద్రమున చేరుచున్నది. మహాబలేశ్వరమున పుట్టిన కృష్ణవేణి చేసినదియు ఇదే. పశ్చిమ కనుమలు పడమటివైపు నిలువుగోడవలె లేచి, తూర్పునకు మెల్లగా వాలియుండుట దీనికి కారణము. నీరు వాలును విడువదు.

ఇంతకు ఆ కనుమలమీద కురిసిన వాన ఎక్కడిది? జ్యేష్ఠమాసమున నైరృతి గాలులు పశ్చిమ సముద్రముపైనుండి తేమను మోసికొని వచ్చును. కనుమలు అడ్డగించుటచేత ఆ గాలి పైకెక్కి చల్లబడి మేఘమై కురియును. మహాబలేశ్వరమున ఏటికి 5000 మిల్లీమీటర్లకు మించిన వర్షము. కనుమ దాటిన గాలిలో తేమ తరిగిపోవును గనుకనే దూరముననున్న అనంతపురమునకు అందులో పదవవంతు మాత్రమే దక్కుచున్నది. పశ్చిమ సముద్రపు నీరు ఆకాశమార్గమున కనుమలకెక్కి, గోదావరియై భూమార్గమున నడచి, అంతర్వేదివద్ద తూర్పు సముద్రమున కలియుచున్నదన్నమాట. ఒక సముద్రము మరియొక సముద్రమునకు పంపు కానుక మన ఊళ్లమీదుగా పోవుచున్నది.

తిరుమల సంగతి వేరు. శేషాచలమునకు ముఖ్యమైన వానలు ఆశ్వయుజ కార్తికములలో, ఈశాన్యపు గాలులతో, తూర్పు సముద్రమునుండి వచ్చును. ఆ నీరే ఆకాశగంగ, పాపవినాశనము మొదలైన తీర్థములయందు దుముకును; జలాశయములలో నిలిచి యాత్రికుల దాహమును తీర్చును. కొంత కొండచరియలవెంట దిగి స్వర్ణముఖిలో చేరి, శ్రీకాళహస్తి మీదుగా నెల్లూరు సీమ తీరమున మరల తూర్పు సముద్రమును చేరును. ఇచ్చట కానుక పంపినవారికే తిరిగి చేరుచున్నది! స్వర్ణముఖి మంచుకొండలలో పుట్టిన నది కాదు. చలికాలపు వాన తీరిన పిమ్మట ఆమెకు పైనుండి పోయువారు లేరు. తిరుచానూరు దరిని వేసవిలో ఇసుక కనబడుటకు ఇది మొదటి కారణము. నది పొడవున బోర్లు వేసి నీటిని తోడుట, ఇసుకను తరలించుట తక్కిన కారణములు. ఇసుక నదికి గర్భము. వాననీటిని పీల్చి ఎండలో దాచియుంచునది అదే. ఇసుక పోయిన నదిలో వరద వచ్చినంత వేగముగా పోవును గాని నిలువదు.

సముద్రపు నీరు ఉప్పగానుండి, సముద్రమునుండి పుట్టిన వాన తీయగానుండుట పిల్లలకు ఇష్టమైన చిక్కుప్రశ్న. సూర్యుడు నీటిని మాత్రమే పైకి లాగును, ఉప్పును లాగడు. తీపినీరనుకొన్న నదిలోనూ నాలుకకు తెలియనంత ఉప్పు కలదు. వాన రాళ్లను, నేలను కడిగి వానిలోని లవణములను కరగించి నదికిచ్చును, నది సముద్రమునకిచ్చును, సముద్రమునుండి నీరు ఆవిరియై మరలిపోవును గాని ఉప్పు అక్కడనే ఉండిపోవును. కోట్ల సంవత్సరములుగా సాగిన ఈ వ్యవహారమున లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు చేరినది. గంగా బ్రహ్మపుత్రలవంటి మహానదులు కలియు బంగాళాఖాతపు ఉత్తరభాగమున ఈ పాలు కొంత తక్కువ. బయటికి దారిలేని సరస్సులకును ఇదే గతి. రాజస్థానములోని సాంభరు సరస్సునకు నీరు వచ్చు దారి కలదు, పోవు దారి లేదు. అందుచేతనే అది ఉప్పు పండు కయ్య అయినది.

నీరు పోవుటకు దారి ఉన్న సరస్సు మంచినీటిని నిలుపుకొనును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లములోనున్న కొల్లేరు అట్టిది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు అందులో దిగును. ఉప్పుటేరు దానిని సముద్రముతో కలుపును. వరదకాలమున కొల్లేరు ఉబ్బి ఊళ్ల వరదను తనలోనికి తీసికొని, పిమ్మట ఉప్పుటేటి గుండ మెల్లమెల్లగా వదలుచుండును. 'సృ' ధాతువు ఇక్కడ సార్థకమైనది. చేపల చెరువుల గట్లు అడ్డముగా లేచిన కొలది ఈ నడక మందగించినది. 1999లో కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యముగల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరినది. 2006లో ఆక్రమణ గట్లను పెద్దయెత్తున తొలగించిరి. చేపల పెంపకముమీద బ్రతుకు కుటుంబములు అక్కడ వేలకొలది కలవు. కావున ఇది ఒక పక్షమును నిందించి తీర్చదగిన తగవు కాదు. కాని నీటికి ఈ తగవులతో పనిలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో మైలవరము కొండలనుండి దిగిన బుడమేరు ఉప్పొంగి, మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడి, విజయవాడలోని పేటలు దినములతరబడి నీటిలోనుండిపోయినవి. అదే సమయమున ప్రకాశము బారేజీవద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద. కృష్ణ నిండుగానున్నప్పుడు బుడమేటికి అటువైపు చోటులేదు. మిగిలినది కొల్లేటి దారి. ఆ దారి ఇరుకైనది. నీరు నడువవలసిన చోట మనుష్యుడు ఇల్లు కట్టుకొన్నచో, మనుష్యుడుండు చోటికి నీరు వచ్చి కూర్చుండును.

సరస్సులన్నియు స్వయముగా ఏర్పడినవి కావు. తెలుగుదేశమునకు ఒక విశేషము కలదు: చెరువు త్రవ్వించుటను సంతానముతో సమానముగా భావించి, సప్తసంతానములలో చేర్చినారు. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు కట్టించిన చెరువునకు 1369 నాటి సంస్కృత శాసనమున్నది. అది దానశాసనముగా కనబడును గాని నిజమునకొక తటాకశాస్త్రము. చెరువునకు కావలసిన అంగములు పండ్రెండని అందు చెప్పబడినది: ధర్మాత్ముడు, సంపన్నుడునైన రాజు, జలశాస్త్రమెరిగిన పండితుడు, గట్టినేల, దూరమునుండి వచ్చు తీయని నీటి నది, ఇరుప్రక్కల కొండలు, నడుమ పొడవు మితిమీరని దృఢమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, దగ్గరలో తిన్నని పొడవైన రాళ్లు దొరకు గని, క్రింద చదునైన సారవంతపు పొలములు, పని నేర్చిన కూలివారు మొదలైనవి. రాజుతో మొదలై కూలివానితో ముగిసిన ఆ పట్టిక గమనింపదగినది.

దోషములు ఆరింటిని గూడ శాసనకర్త విడువలేదు. కట్టనుండి నీరు ఊరుట, చవుడునేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, చెరువు నడుమ తాబేటివీపువలె మెరక ఉండుట, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువగుట, నీరెక్కువై నేల కొంచెమగుట. సరిహద్దు దోషమును చదివినప్పుడు ఆరువందల యేండ్లనాటి ఆ పండితుని లోకజ్ఞతకు నమస్కరింపవలసినదే. రెండు రాజ్యముల నడుమనున్న నీటిని గూర్చి నేడును న్యాయాధికరణములు విచారణలు జరుపుచునేయున్నవి. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేయగా ఆ చెరువు పూర్తియైనదని శాసనము. శాసన భాషను చదువనేర్చిన విద్యార్థి దానిని ఒక్కసారి చూచి రావలెను.

ఇక నది నడకను మరల అందుకొందము. కందకుర్తివద్ద మంజీరను కలుపుకొని తెలంగాణమున ప్రవేశించిన గోదావరి బాసర, ధర్మపురులమీదుగా వచ్చి, కాళేశ్వరమున ప్రాణహితను కలియును. గోదావరీ పరీవాహకములో మూడవవంతు ప్రాణహితదే. భద్రాచలయాత్రికులు ఈ సంగతి తెలిసియుండవలెను: నాసిక్‌లో వాన లేకపోయినను విదర్భలోనో బస్తరులోనో కుంభవృష్టి కురిసినచో ప్రాణహితా ఇంద్రావతుల నీరు భద్రాచలముమీదికి వచ్చును. అక్కడ నీటిమట్టము 43 అడుగులు దాటినచో మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా లేచినది. హెచ్చరిక వెలువడిన పిమ్మట "రామయ్య ఉన్నాడు" అని స్నానఘట్టమున దిగుట భక్తి కాదు, అవివేకము.

పాపికొండలు దాటి ధవళేశ్వరము చేరిన నదికి 1847–52 సంవత్సరములలో ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించెను. ఆయన పేరును స్నానసంకల్పమున చేర్చుకొన్న వైదికులు గోదావరీ తీరమున ఉన్నారని చెప్పుదురు. అన్నము పెట్టినవానిని స్మరించుటలో దోషము లేదు. అక్కడికి దిగువను నది గౌతమిగా, వసిష్ఠగా చీలి, మరికొన్ని పాయలై సముద్రమును చేరును. పాయలకు సప్తర్షుల సంబంధము చెప్పి సప్తసాగరయాత్ర చేయుట పూర్వాచారము. కోనసీమ నేల అంతయు ఈ పాయలు వేలయేండ్లు మోసి తెచ్చిన ఒండ్రు. డెల్టా అనునది నది సముద్రమునుండి గెలుచుకొన్న భూమి.

గెలుచుకొన్నదానిని నిలుపుకొనవలెనన్నను ఒండ్రు వచ్చుచుండవలెను. పైనున్న జలాశయములలో నీటితోపాటు ఒండ్రుకూడ ఆగిపోవుచున్నది. కృష్ణ విషయమున ఇది మరింత తీవ్రము. నాగార్జునసాగరము, శ్రీశైలము మొదలైన ఆనకట్టల పిమ్మట వేణుగోపాలస్వామి వెలసిన హంసలదీవి సాగరసంగమమునకు పూర్వపు ఒండ్రులో స్వల్పభాగమే చేరుచున్నది. "నదిలో ఒక్కబొట్టయినను సముద్రమునకు వృథాగా పోరాదు" అను మాట సభలలో తరచు వినబడును. సముద్రమునకు పోవు నీరంతయు వృథా కాదు. అది ఒండ్రును చేర్చును. ఉప్పునీటిని వెనుకకు నెట్టును. నదీముఖమున మడ అడవులను, చేపలను, రొయ్యలను బ్రతికించును. ఆ త్రోపు తగ్గినచో ఉప్పు భూగర్భమార్గమున లోపలికి వచ్చి, తీరగ్రామముల బావులు చవుడెక్కును. సగరపుత్రులు త్రవ్విన సాగరమునకు భగీరథుడు గంగను తెచ్చి కలిపినాడే గాని దారిలో ఆపివేయలేదు.

మడ అడవుల ప్రయోజనము దివిసీమవారికి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీన తుపానుతో లేచిన ఉప్పెన ఆ సీమను ముంచి సుమారు పదివేలమందిని బలిగొన్నది. నీరు తాటిచెట్టంత ఎత్తున వచ్చినదని పెద్దలు చెప్పుకొందురు. ఉప్పెనను ఆపు శక్తి ఏ చెట్టుకును లేదు. కాని దట్టమైన మడ అడవి దాని వేగమును విరుచును.

అంతర్వేదికి పిల్లలను తీసికొనిపోవువారు ఏటికి రెండుమారులు తీసికొనిపోగలిగినచో ఈ పాఠమంతయు కన్నులకు కట్టును. మాఘమాసమున లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవ సమయమునకు వసిష్ఠ సన్నగిల్లియుండును. ఒడ్డున కూర్చున్నచో పోటువేళ సముద్రము నదిలోనికి ఎదురెక్కి వచ్చుట, పాటువేళ వెనుదిరుగుట దినమునకు రెండుమారులు కనబడును. ఏకాదశి దాటి పున్నమి సమీపించుకొలది ఆ పోటు బలపడును. చంద్రుడు నీటిని లాగుచుండుట పిల్లవాడు స్వయముగా చూడవచ్చును. ఆ దినములలో నదినీరు నాలుకపై ఉప్పగానుండును. శ్రావణమున వరద తగ్గుముఖము పట్టిన పిమ్మట, అధికారులు అనుమతించినప్పుడు మరల పోయినచో, అదే చోట ఎర్రనీరు నిండుగా పారుచుండును. కెరటములు నీలముగా మొదలగు చోటికి ఇవతల, సముద్రములో చాలదూరమువరకు ఆ ఎరుపు చారవలె సాగియుండును. బ్రహ్మగిరినుండి, విదర్భనుండి, బస్తరు అడవులనుండి కడిగి తెచ్చిన మట్టి అది. దోసిట పట్టి చూచినచో అడుగున సన్నని ఒండ్రు నిలుచును. నోట వేసికొన్నచో ఉప్పు తగలదు.